చార్జి ఇవ్వని సర్దార్

ఇల్లందులో పగిడయ్య పేరు తెలియని ఇల్లు ఉంటే ఉండవచ్చు గాని, ఆయన ఫోన్ నంబరు తెలియని కాటా ఒకప్పుడు ఉండేది కాదు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, ఇలా మిర్చి బస్తాలు తూచే ప్రతి కాటా గదిలోనూ గోడ మీద బొగ్గుతోనో పెన్నుతోనో ఆ అంకెలు రాసి ఉండేవి. స్క్రీన్ ఆగిపోతే మొదట దేవుణ్ని తలుచుకునేవాళ్లు, వెంటనే పగిడయ్యను తలుచుకునేవాళ్లు. కొందరు దేవుణ్ని తర్వాత తలుచుకునేవాళ్లు.

ఊరిబడిలో మొదలుపెట్టి పదో తరగతి గట్టెక్కిన మనిషి ఆయన. బొగ్గుబాయిలో తట్ట మోసే పనితో దిగి, పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు. సర్దార్ అంటే మాటలు కాదు. షిఫ్టులో తన జాగాకు, ఆ జాగాలో పనిచేసే మనుషుల ప్రాణాలకు వాడే జవాబుదారీ. చేతికర్రతో పైకప్పు తట్టి, మోతను బట్టి రాయి గట్టిగా ఉందో వదిలిందో చెప్పాలి. ఒకసారి పగిడయ్య తట్టిన చోట మోత బోలుగా వచ్చింది. ఆఫీసర్లు ఏమంటారోనని ఆలోచించకుండా అందరినీ వెనక్కు లాగేశాడు. మనుషులు అన్నం డబ్బాలు తెచ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. తర్వాత పైకప్పు కూలింది. డబ్బాలు పోయాయి, మనుషులు మిగిలారు. అందుకు ఇచ్చిన ఇత్తడి షీల్డు ఇప్పటికీ ఆయన ఇంట్లో టీవీ పక్కనే ఉంటుంది. టీవీ చూసేవాళ్లు షీల్డును చూడక తప్పదు.

బాయి కొలువు నుంచి దిగిపోయాక పగిడయ్య ఇంట్లో కూర్చోలేదు. తోటి కార్మికుడి కొడుకు రవీందర్ హైదరాబాదు ఉద్యోగం మానుకుని వచ్చి, టైర్ల దుకాణం మీది అంతస్తులో 'బుగ్గవాగు సాఫ్ట్‌వేర్' అని బోర్డు పెట్టాడు. వాళ్లు చేసేది కాటాల సాఫ్ట్‌వేర్. ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు సర్వర్‌కు పోవాలి, అక్కడి నుంచి నంబరు రావాలి, అప్పుడే స్లిప్పు ప్రింటవుతుంది. స్లిప్పు లేకపోతే బండి కదలదు. కంప్యూటర్లు తెలిసిన పిల్లలు దొరికారు గాని, కాటా మనుషులతో మాట్లాడగలవాడు కావాలి. "కాకా, నువ్వుంటె నాకు ధైర్యం" అని రవీందర్ ఇంటికొచ్చి మరీ అడిగాడు. ఇంటికొచ్చి అడిగాడన్న సంగతి పగిడయ్య ఎన్నడూ మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

ఒక వానాకాలం వాగు పొంగితే బ్యాటరీని నెత్తిన పెట్టుకుని దాటి తల్లాడ కాటా నడిపించినవాడు పగిడయ్య. పెళ్లి విందులో కుడిచేత్తో అన్నం కలుపుతూ, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని రెండు కాటాలు లేపినవాడు పగిడయ్య. ఇవన్నీ ఎవరో చెప్పగా విన్నవి కావు. ఆయనే చెప్పాడు, చాలాసార్లు.

అటువంటి మనిషి ఫోన్ మోగడం మానేసింది. మోగడం మానేసి, టేబుల్ మీద ఈగలా గుయ్యిమనడం మొదలుపెట్టింది. దానికి కారణం జమ్లి.

జమ్లి ఇల్లందు పక్క తండా పిల్ల. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివి ఆఫీసులో చేరింది. ఆమె వచ్చిన కొత్తలో తల్లాడ కాటా ఒక మధ్యాహ్నం ఆగింది. పగిడయ్య ఫోన్‌లో అక్కడివాళ్లతో మిషను ఆపి తెరిపించి, బరువులు మళ్లీ ఎక్కించమన్నాడు. అదే సమయాన ఆఫీసులో శ్రీశైలం అనే కుర్ర ఇంజనీరు పనిని రెండో సర్వర్ మీదికి తిప్పాడు. ఒకరు చేస్తున్నది ఒకరికి తెలియదు. ఒకే ట్రాక్టరు రెండుసార్లు ఎక్కింది. రైతులు ఒకవైపు, వ్యాపారులు ఒకవైపు కాటా గదిని చుట్టుముట్టారు. అది సర్దేసరికి పొద్దుగూకింది.

మర్నాడు జమ్లి అన్నది, "పని ఒక్కరి చేతిల ఉండాలె. ఎవరి చేతిల ఉన్నదో అందరికి కనవడాలె. ఫోన్లల్ల ముచ్చట్లు వద్దు. ఆఫీసు గ్రూపులనే రాద్దాం."

అలా గ్రూపులోకి 'చాటింపు' వచ్చింది. అది మనిషి కాదు, జమ్లి రాసిన ప్రోగ్రాం. ముందు ఒక గీత గీసి మాట రాస్తే చాలు, ఊళ్లో డప్పు కొట్టి చాటేవాడిలా అందరికీ ఒకేసారి చెబుతుంది, చెప్పిన పని చేస్తుంది. ఎక్కడైనా కాటా ఆగితే '/గంట వైరా' అని రాయాలి. ఆ పనికి పెద్దరికం తీసుకునేవాడు ఒక మాట రాయాలి. పని రెండో సర్వర్‌కు మార్చాలంటే '/తిప్పు'. అంతా సర్దుకున్నాక '/అయింది'. '/తిప్పు' కొట్టే హక్కు పెద్దరికం తీసుకున్నవాడికే. సర్వర్ అన్ని కాటాలకూ ఒకటే కాబట్టి, తీసుకున్న గంట మూసేదాకా పెద్దరికం ఆ ఒక్కరిదే. తల్లాడ గోల మళ్లీ రావద్దని సర్వర్ తాళాలన్నీ చాటింపు చేతికే ఇచ్చేశారు.

ఆ పెద్దరికానికి ఏం పేరు పెడదామని రవీందర్ అడిగితే, "సర్దార్ అనుండ్రి" అన్నది పగిడయ్యే. అందరూ సరే అన్నారు. పని అందుకునేవాడు '/సర్దార్' అని కొట్టాలి. ఆ ఉత్సాహంలో ఒక నియమం కూడా చెప్పాడు.

"బాయిల సర్దార్ ఊకెనే పైకి రాడు. ఇంకో సర్దార్ ఎదురుంగ నిలవడాలె. యాడ రాయి వదులుగున్నది, యాడ నీళ్లూరుతున్నయి, నేనేం జేసిన, ఏం జేయలే, అన్నీ నోటితోటి చెప్పి చార్జి ఇయ్యాలె. అప్పటిదాక వాడే సర్దార్. నడిమిట్ల ఇంకోడు గుంజుకునుడు ఉండదు."

జమ్లి ఆ నియమాన్ని అట్లాగే రాసింది. సర్దార్ '/చార్జి' అని రాసి పేరు చెబితేనే ఇంకొకరి చేతికి పోతుంది. రాసేటప్పుడు మాత్రం ఒక సందేహం అడిగింది.

"మరి సర్దార్ ఫోన్ కలవకుంటె, కాకా?"

"సర్దార్ అన్నోడు కలవకుండ ఎట్ల పోతడు బిడ్డా?" అని నవ్వాడు పగిడయ్య.

మొదట్లో ఆ పద్ధతి ఆయనకు ముద్దుగానే అనిపించింది. తన బాయి మాట తెర మీద వెలుగుతోంది కదా. కానీ ఆ మాట పక్కన వెలిగే పేరు తనది కాదు. గంట పడుతుంది. పగిడయ్య కళ్లద్దాల డబ్బా వెతికి, అద్దాలు తుడిచి, గీత ఎక్కడుందో చూసుకునేలోపు చాటింపు చెప్పేస్తుంది, 'సర్దార్: జమ్లి' అని. దాని కింద బొటనవేళ్ల బొమ్మలు మొలుస్తాయి. ఏన్కూరు నుంచి ఒక వేలు, జూలూరుపాడు నుంచి ఒక వేలు. తాను వాగు దాటి బ్యాటరీ మోసిన నాడు ఒక్క బొటనవేలైనా లేచిందా? లేవలేదు.

అన్నిటికంటే వైరా కాటా చెంచురామయ్య గుండెలో గుచ్చాడు. ఎన్నేళ్ల పరిచయం! ఒకనాడు ఫోన్ చేసి, "అన్నా, జమ్లమ్మ ఉన్నదా?" అన్నాడు.

"ఎందుకు?"

"స్లిప్పు వస్తలేదు."

"అయితె నేను లేనా?"

"నువ్వుంటవే అన్నా, యాడికి పోతవు. గా పిల్లయితె ఏం జేస్తున్నదో ఎప్పటికప్పుడు రాస్తది, మేం జూసుకుంటం. నువ్వు ముందుగల బాయి ముచ్చట మొదలువెడ్తవు."

ఆ రోజు పగిడయ్యకు అన్నం సయించలేదు. భార్య వెంకమ్మ ముందు చెప్పుకుంటే ఊరట దొరుకుతుందని చెప్పుకున్నాడు.

"నేను వెట్టిన పేరు, నేను జెప్పిన రూలు. పెత్తనం ఆ పిల్లది!"

"నీకు బాయిల జేసిన సర్దార్‌గిరి సరిపోలేదా?" అన్నది వెంకమ్మ, చేటలో బియ్యం ఎగరేస్తూ. "ఆ పిల్ల నీకంటె జల్దీ రాస్తది. అంతే గదా."

"జల్దీ రాసుడు పనా?"

"మరి ఏడుసుడు పనా?"

అప్పటి నుంచి పగిడయ్య చాటుగా సాధన మొదలుపెట్టాడు. ఆఫీసు గ్రూపులో రాస్తే బయటపడుతుందని, బంధువుల గ్రూపులో '/గంట వైరా' అని కొట్టి చూసుకునేవాడు. వైరాలో ఎవరికేమైందోనని మేనల్లుళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. మొత్తానికి వేలు వేగం పుంజుకుంది.

ఆ పుంజుకోవడానికి ఇంకో కారణముంది. రవీందర్ అందరి ముందూ చెప్పాడు, "మిర్చి సీజన్ అయిపోంగనె సపోర్టుకు ఒక ఇన్‌చార్జిని వెడ్త. పెద్దోళ్లు చిన్నోళ్లు అని సూడ. చాటింపుల ఎవరి పని ఎట్లున్నదో జూసి వెడ్త." అంటూ ఆయన చూపు జమ్లి వైపు పోయింది. పోయిందని పగిడయ్య అనుకున్నాడు. ఆ కుర్చీ తనది. ఇంటికొచ్చి అడిగి తెచ్చిన మనిషిని పక్కన నిలబెట్టి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లను కూర్చోబెడతారా?

గుండాల అవతల ఊళ్లో వెంకమ్మ అక్క చిన్నక్క కొత్త ఇల్లు కట్టుకుంది. పాలు పొంగించే రోజున రమ్మని కబురు పెట్టింది. మిర్చి సీజన్ మంచి ఊపులో ఉన్నా పగిడయ్య సెలవు పెట్టక తప్పలేదు. అరిసెల డబ్బాతో, కొత్త చీరతో ఇద్దరూ ఇల్లందు బస్టాండులో గుండాల బస్సు కోసం నిలబడ్డారు. బస్సు వచ్చింది. వెంకమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు పగిడయ్య జేబులో ఫోన్ గుయ్యిమంది.

'/గంట వైరా. స్లిప్పు ఆగి ఆగి వస్తోంది.'

అద్దాలు అప్పటికే ముక్కు మీద ఉన్నాయి. ఆయన వేలు ఆయనకంటే ముందే కదిలింది. చాటింపు చెప్పింది, 'సర్దార్: పగిడయ్య.'

ఆ వెనకాలే జమ్లి కూడా కొట్టింది. చాటింపు ఆమెకు జవాబిచ్చింది, 'చార్జి పగిడయ్య దగ్గర ఉంది.' ఆ రెండు వాక్యాలను ఆయన మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. షీల్డు తీసుకున్న నాడు కూడా ఒళ్లు ఇంత తేలిక కాలేదు.

"ఎక్కుతవా, ఈన్నే ఉంటవా?" అని వెంకమ్మ చొక్కా పట్టి లాగింది.

సీట్లో కూర్చుని చెంచురామయ్యకు ఫోన్ చేశాడు. ప్రింటరు ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. స్లిప్పు వచ్చింది. ఇక '/అయింది' అని రాస్తే ఆ పని అక్కడితో ముగుస్తుంది. పగిడయ్య రాయలేదు. ముగిస్తే ఆ గంట కిందికి జారిపోతుంది, కొత్తవి పైకొస్తాయి. సాయంత్రం రవీందర్ గ్రూపు తెరిచేదాకా తన పేరు పైనే ఉండాలి. అంతే ఆయన కోరింది. వెంకమ్మ పక్కనుంచి ఫోన్‌లోకి తొంగి చూసి, "గంతగనం నవ్వుకుంటున్నవు, ఏమున్నది అండ్ల?" అన్నది.

"నా పేరున్నది."

"ఆధార్ కార్డుల గూడ ఉన్నది."

బస్సు అడవిలోకి జొరబడింది. ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు గంపల్లో పువ్వు ఏరుతున్నారు. గాలిలో ఆ తీపి వాసన. ఫోన్‌లో సిగ్నల్ గీతలు తరిగి తరిగి మాయమయ్యాయి. పగిడయ్య దాన్ని జేబులో పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆఫీసులో జమ్లి తన పేరు చూస్తూ కూర్చుని ఉంటుంది. చూడనీ. నాకెట్లా ఉండేదో దానికీ తెలియనీ. ఆ ఊహ ఇప్పపువ్వు కంటే తియ్యగా ఉంది.

ఎక్కడో దూరాన ఉరిమింది.

ముందు సీటు ముసలాయన కిటికీలోంచి చూసి, "వైరా దిక్కు నల్లగయ్యింది. మిర్చి కల్లాలల్ల ఉన్నోళ్ల పని అయిపోయినట్టే" అన్నాడు.

పగిడయ్య కళ్లు తెరిచాడు. మబ్బు పట్టిందంటే రైతులంతా ఒక్కసారే బస్తాలు ఎత్తుకుని కాటాల మీద పడతారు. అన్ని బండ్లు ఒక్కసారి పడితే సర్వర్ మూలుగుతుంది. సర్వర్ ఆగితే తిప్పాలి. తిప్పాలంటే సర్దార్ కావాలి. సర్దార్ గుండాల బస్సులో అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఫోన్ తీసి చూశాడు. ఒక్క గీత లేదు. బస్సు ఆగితే బాగుండును అనిపించింది. ఆగితే మాత్రం ఏముంది, అడవిలో!

"ఏందయ్యా, చెమటలు వడ్తున్నయి?" అన్నది వెంకమ్మ.

"ఉక్కపోత."

"కిటికీ తెరిసే ఉన్నది."

ఆ దారిలో ఒక గుట్ట ఉంది. దాని అసలు పేరు పాతవాళ్లకే గుర్తు. మిగతావాళ్లంతా సిగ్నల్ గుట్ట అంటారు. అడవి మొత్తంలో ఫోన్ కలిసేది దాని నెత్తి మీదే. డ్రైవర్ లాలు ఎవరూ అడక్కుండానే అక్కడ బండి ఆపుతాడు. అందరూ దిగి, తలొక దిక్కుకు తిరిగి, చేతులెత్తి ఫోన్లు పట్టుకుంటారు. కొత్తవాళ్లు చూస్తే ఏదో మొక్కు తీర్చుకుంటున్నారనుకుంటారు.

బస్సు ఆగీ ఆగకముందే పగిడయ్య దిగాడు. రెండు గీతలు మొలిచాయి. ఫోన్ గుయ్యి గుయ్యిమంటూ ఆగలేదు. వైరా ఆగింది. తల్లాడ ఆగింది. జమ్లి '/సర్దార్' కొట్టింది. 'చార్జి పగిడయ్య దగ్గర ఉంది.' మళ్లీ కొట్టింది. 'చార్జి పగిడయ్య దగ్గర ఉంది.' శ్రీశైలం కొట్టాడు. అదే జవాబు. పొద్దున తియ్యగా ఉన్న ఆ వాక్యం తెర నిండా, పై నుంచి కింది దాకా. మధ్యలో చెంచురామయ్య పెట్టిన ఫొటో. ట్రాక్టర్ల బారు, బస్తాల మీద తాటిపత్రి పట్టాలు కప్పుతున్న మనుషులు, పైన మబ్బు. శ్రీశైలం రాశాడు, 'రూలు తీసేసి కొత్తగ ఎక్కిస్తా, కొంచెం టైం పడ్తది.' దాని కింద జమ్లి, 'నడిమిట్ల తాళం పగలగొడితె మళ్లీ తల్లాడ అయితది. కాక కోసం చూడుండ్రి.'

పగిడయ్య మొదట చేసిన పని చార్జి ఇవ్వడం కాదు. ఆయనే '/తిప్పు' కొట్టాడు. సర్దార్ తనే కదా. తన చేత్తోనే కాటాలు లేస్తే, ఆలస్యాన్ని ఎవరు అడుగుతారు? అడిగినా, చివరికి లేపింది ఎవరు?

కొట్టిన మాట పక్కన చిన్న గడియారం బొమ్మ తిరుగుతూ ఉండిపోయింది. పోయిందా, పోలేదా? గీతలు ఒకటయ్యాయి, రెండయ్యాయి, మళ్లీ ఒకటయ్యాయి. ఇంకోసారి కొడదామని వేలు లేచింది. లేచిన వేలు గాల్లోనే ఆగింది. మొదటిది పోయి ఉంటే ఇది రెండోది. రెండుసార్లు తిప్పితే పని మళ్లీ పాత సర్వర్ మీదికే వచ్చి పడుతుంది, సగం బండ్లు అక్కడ, సగం ఇక్కడ.

పైకప్పు తట్టి మోత వినలేని చోట సర్దార్ నిలబడి ఉన్నాడు. బాయిలో ఎవడైనా ఇట్లా చేసి ఉంటే పగిడయ్య వాడి కర్ర విరిచి పారేసేవాడు.

జమ్లికి ఫోన్ చేస్తే కలిసింది.

"కాకా! యాడున్నవు?" జమ్లి గొంతు వెనక ఆఫీసు రొద.

"సిగ్నల్ గుట్ట మీద."

"చార్జియ్యి కాకా, జల్దీ. పేరు గొట్టు, చాలు."

పగిడయ్య తెర వైపు చూశాడు. పేరు కొట్టి ఊరుకుంటే చాలు. ఆ గడియారం బొమ్మ సంగతి ఎవరికీ తెలియదు. తిప్పింది వికటిస్తే అది జమ్లి చేతిలో వికటించినట్టే ఉంటుంది. ఇన్‌చార్జి కుర్చీ మళ్లీ తన వైపు జరుగుతుంది. ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. వచ్చి, ఆ గుట్ట మీద ఆయన పక్కనే నిలబడింది.

"కాకా, వినవడ్తున్నదా? ఏమన్న గొట్టినవా నువ్వు?"

"గొట్టిన" అన్నాడు పగిడయ్య. "తిప్పు గొట్టిన. పోయిందో లేదో ఎరుక లేదు. గడియారం తిరుగుతున్నది. పొద్దున ప్రింటర్ ఒక్కటే ఆపి మళ్ల ఏపిచ్చిన, సర్వర్ ముట్టలే. పని అయినా గంట మూయలే. నా పేరు పైన ఉండాలెనని మూయలే."

అవతల కీబోర్డు మీద జమ్లి వేళ్లు టకటకమన్నాయి.

"చెప్పినవు, మంచిగయ్యింది" అన్నది జమ్లి. "చెప్పకుంటె నేను మళ్లొకసారి గొట్టేదాన్ని. ఈడికి రాలే కాకా అది. దాన్ని తీసెయ్యి. తీసేసి చార్జియ్యి."

పగిడయ్య దాన్ని తుడిచేసి '/చార్జి జమ్లి' అని రాశాడు. మళ్లీ గడియారం. పక్కనున్న బండ ఎక్కాడు. పడతాడేమోనని వెంకమ్మ కింద నుంచి ధోవతి అంచు పట్టుకుంది. బస్సులోవాళ్లు తమ ఫోన్లు వదిలేసి ఈయన చుట్టూ మూగారు.

"ఇంకొంచెం ఎడమకు వట్టు పెద్దాయనా, గా ఇప్పచెట్టు దిక్కు!"

"గట్ల కాదు, పడుకోబెట్టి వట్టు!"

"ఏం పంపుతున్నవే తాతా, పెండ్లి పత్రికనా?"

చాటింపు పలికింది, 'సర్దార్: జమ్లి. చార్జి ఇచ్చినవారు: పగిడయ్య.'

వెంటనే '/తిప్పు' పడింది. బొటనవేళ్లు మొలిచాయి, పొలంలో నారులా. అన్నీ జమ్లి పేరు కిందే. బండ మీద నిలబడి, ఆ గండంలో కూడా, పగిడయ్య వాటిని చూశాడు. తన మాట కింద ఏమైనా మొలిచిందా అని కూడా చూశాడు.

లాలు హారన్ కొట్టాడు. అప్పుడే జమ్లి రాసింది, 'కాకా, సిగ్నల్ ఉన్న కాడనే ఉండు. చెంచురామయ్య నా ఫోన్ ఎత్తుతలేడు, కోపం మీదున్నడు. కాటా మీదున్న బండిని దించొద్దని చెప్పు.'

బస్సు వెళ్లిపోయింది. గుట్ట మీద ముగ్గురు మిగిలారు. పగిడయ్య, వెంకమ్మ, అరిసెల డబ్బా.

చెంచురామయ్య ఫోన్ ఎత్తుతూనే అరిచాడు, "నీ బాయి ముచ్చట ఇప్పుడొద్దన్నా!"

"ముచ్చట లేదు తమ్మీ. కాటా మీదున్న బండిని కదలనియ్యకు. స్లిప్పు వచ్చేదాక అట్లనే ఉంచు. జమ్లి చెప్పేదాక." ఆ పేరు నోట్లోంచి రావడానికి మిరపకాయ కొరికినంత పనైంది.

"నువ్వు జెప్పుతున్నవా, జమ్లమ్మ జెప్పుతున్నదా?"

"జమ్లి సర్దార్. నేను ఆమె మాట జెప్పుతున్న."

కాటాలు లేచాయి. తల్లాడలో బండ్లన్నీ వాన కంటే ముందే తూకమై కదిలిపోయాయి. వైరాలో మాత్రం బారు చివరనున్నవాళ్ల మీద వాన పడనే పడింది. వెంకమ్మ బండ మీద కూర్చుని, అక్క కోసం చేసిన అరిసె ఒకటి విరిచి మొగుడికిచ్చింది. "తిను సర్దార్. పాలు పొంగినయో లేదో మా అక్కను అడగనీకైనా సిగ్నల్ ఉన్నది, గదే సంతోషం."

మర్నాడు పగిడయ్య ఎవరూ పంపకుండానే వైరా వెళ్లాడు. రోడ్డు పక్కన తడిసిన మిర్చి ఆరబోసి ఉంది. ఒక ముసలి రైతు కాయ విరిచి, లోపలి రంగు చూసి, పక్కన పడేసి, ఇంకోటి తీస్తున్నాడు. చెంచురామయ్య టీ తెప్పించి, "నిన్న చాటింపు చార్జి చార్జి అని మొత్తుకున్నది గదనే అన్నా, ఏమైంది?" అన్నాడు. వాగు దాటిన కథ, షీల్డు కథ, పెళ్లి విందు కథ, ఏదీ పగిడయ్య నాలిక మీదికి రాలేదు. టీ గబగబా తాగి లేచాడు.

సోమవారం ఆఫీసులో అందరూ కూర్చున్నారు. రవీందర్ మొహం గంటు పెట్టుకుని, "ముందుగల ఆ రూలు తీసెయ్యి శ్రీశైలం" అన్నాడు.

"రూలు మంచిదే సార్, ఉండనియ్యుండ్రి" అన్నది జమ్లి.

పగిడయ్య లేచి నిలబడ్డాడు. "రూలు తియ్యకుండ్రి. బస్సెక్కేటోనికి సర్దార్‌గిరి ఇయ్యకుండ్రి." శ్రీశైలం నవ్వు ఆపుకోలేకపోయాడు. పగిడయ్య ఆగలేదు. "సర్దార్‌ను చాటింపు నడుమ నడుమ అడగాలె, పైకప్పు ఎట్లున్నదని. జవాబు రాకపోతె వానిది చార్జి కాదు. పక్కోనికి పోవాలె. నేను వైరాల జూసొచ్చిన, మిర్చి తడిసింది." జమ్లి వైపు తిరిగాడు. "నేను బస్టాండ్ల నిలవడి ఎందుకు గుంజుకున్ననో నీకు ఎరుకనేనా?"

"ఎరుకనే కాకా" అన్నది జమ్లి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

"మరి అప్పుడే రవీందర్‌కు ఎందుకు జెప్పలే?"

"నా కంటె ముందు గొట్టినవు గదా. ఓడిపోయిన అని నేనే పోయి ఎట్ల జెప్పుకోవాలె? నాకు గూడ మస్తు మండింది."

ఆ మాటతో పగిడయ్య మనసు చిత్రంగా కుదుటపడింది. మంట ఆ పిల్లకు కూడా ఉందన్నమాట.

సీజన్ ముగిశాక రవీందర్ జమ్లినే ఇన్‌చార్జిగా పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పగిడయ్య చప్పట్లు మిగతావాళ్ల తర్వాత మొదలయ్యాయి, ముందే ఆగాయి. ఇంటికెళ్లి షీల్డును చింతపండు పులుసు పెట్టి తోమి, టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

తండాలో తీజ్ పండుగ వచ్చింది. జమ్లి బయల్దేరే వేళకు జూలూరుపాడు గంట ఒకటి ఇంకా మూయకుండా ఉంది. ఆమె సంచి భుజాన వేసుకుని పగిడయ్య కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"చార్జి తీసుకో కాకా."

"ఫోన్ల గొట్టొచ్చు గదా."

"ఎదురుంగ నిలవడి ఇయ్యాలెనంటివి?"

పగిడయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఏం జేసినవు, ఏం జేయలే, చెప్పు."

జమ్లి చెప్పింది. జూలూరుపాడు తీగ మార్చాలి, మనిషి బయల్దేరాడు, సర్వర్ ముట్టలేదు.

"మళ్లొకసారి చెప్పు."

"కాకా, తండా ఆటో పోతది!"

"బాయిల రెండుసార్లు జెప్పిస్తరు" అన్నాడు పగిడయ్య. బాయిలో ఒకసారే చెప్పించేవారు. జమ్లి పళ్లు నూరుకుంటూ రెండోసారి కూడా చెప్పి, వేలితో ఒక్క పోటు పొడిచి, మెట్లు దిగి పరుగెత్తింది.

'సర్దార్: పగిడయ్య.'

ఆయన వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. "సంతోషం" అన్నది వెంకమ్మ. "బస్సెక్కకు."

"ఎక్క. ఈన్నే ఉన్న."

కాసేపటికి ఆయన పేరు కింద బొటనవేళ్లు మొలిచాయి. వైరాది ఒకటి, శ్రీశైలంది ఒకటి, ఆటోలోంచి జమ్లిది ఒకటి. పగిడయ్య తృప్తిగా చూసుకున్నాడు. తర్వాత తెరను వేలితో పైకి జరిపి, పొద్దున జమ్లి పేరు కింద ఎన్ని ఉన్నాయో చూశాడు. ఎక్కువే ఉన్నాయి.